భారత–మలేషియా వర్తకంలో మన పాలు
(సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



కోలాటానికీ భోజనానికీ మధ్య ఈ వర్తకం గొడవ ఎందుకు పెట్టారని వెనుక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. కార్యనిర్వాహకులు మాకు పావుగంట ఇచ్చారు, అంతకు మించము. మేము నలుగురం కలిసి వ్రాసుకున్నదానిని ఒకరం చదువుతున్నాము. మాలో ఇద్దరు బడిలో నేర్చినది మలాయి, ఇంగ్లీషు. తెలుగు అమ్మమ్మల దగ్గర విన్నదే. తప్పులుంటే మన్నించండి.

మన పెద్దలు విశాఖ, గోదావరి ప్రాంతాల పల్లెల నుంచి వచ్చి ఇక్కడి రబ్బరు, కొబ్బరి తోటలలో చేరారు. 1917లో సెలంగోర్‌లోని తెన్నమారం తోటలో పామాయిలు చెట్టును మొదటిసారిగా వ్యాపారం కోసం నాటారు. 1960ల నుంచి రబ్బరు చెట్లు కొట్టి ఆ చెట్టును వేసిన తోటలు ఎన్నో. ఆ రోజులలో గెల బాగా కట్టాలంటే మనిషి చెయ్యి పడాలి. పుప్పొడిని టాల్కం పొడిలో కలిపి, పూగుత్తులు వెతుక్కుంటూ చెట్టు చెట్టుకూ తిరిగి చల్లాలి. మా ఇళ్ళలోని ఆడవాళ్ళు ఆ పని చేశారు. 1981లో కామెరూన్ దేశం నుంచి ఒక చిన్న ముక్కుపురుగును తెచ్చి తోటలలో వదిలారు. అది పుప్పొడిని తానే మోసింది, దిగుబడి పెరిగింది, ఆడవాళ్ళకు ఆ పని పోయింది. మా పెద్దమ్మ ఒకామె ఇప్పటికీ పామాయిలు సీసా చూస్తే, "ఈ నూనెలో నా చెయ్యి ఉందిరా" అంటుంది.

ఆ నూనె ఎక్కడికి పోతున్నదో చూడండి. భారతదేశం తాను వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి కొంటుంది. అందులో పెద్ద వాటా పామాయిలుదే. ఇండోనేషియా, మలేషియాలు అమ్ముతాయి. కాకినాడ, కృష్ణపట్నం రేవులలో దిగి, అక్కడి శుద్ధి కర్మాగారాలలో తెల్లబడి, ప్యాకెట్లలో పల్లెలకు చేరుతుంది. మన తాతలు వదిలి వచ్చిన ఊళ్ళలో గారెలు వేగేది చాలావరకు ఈ నూనెలోనే. ఇక కాకినాడ నుంచి ఓడలలో విదేశాలకు వెళ్ళేది ముఖ్యంగా బియ్యం. నూనె వచ్చే రేవు, బియ్యం పోయే రేవు ఒకటే.

ఈ రాకపోకలు ఎప్పుడూ సాఫీగా సాగలేదు. వస్తు వర్తకంలో ఆసియాన్ దేశాలతో భారతదేశం చేసుకున్న ఒప్పందం 2010 జనవరి 1 నుంచి, మలేషియాతో విడిగా చేసుకున్న ఆర్థిక సహకార ఒప్పందం 2011 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. అయినా 2020 జనవరిలో రెండు ప్రభుత్వాల మధ్య మాట పట్టింపు వచ్చి, శుద్ధి చేసిన పామాయిలు దిగుమతిపై భారత ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 2023 జూలైలో భారతదేశం బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపింది, ఇక్కడ అంగళ్ళలో ధర చూసి మనమంతా నోరు నొక్కుకున్నాము. ఆ అక్టోబరులో మలేషియాకు ప్రత్యేకంగా 1,70,000 టన్నులు అనుమతించారు. నిషేధం 2024 సెప్టెంబరులో తొలగింది. పెద్దల పట్టింపులు పెద్దలవి, బస్తా ఎప్పుడు వస్తుందో తెలియక దిగులుపడేది అంగడివాడు.

సుంకం సంగతి ఒక్కటి చెబుతాము, విసుగు అనుకోవద్దు. 2025 మే నెలాఖరులో భారతదేశం ముడి పామాయిలుపై మూల సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించింది. శుద్ధి చేసిన నూనెపై తగ్గించలేదు. కాబట్టి మలేషియాలో శుద్ధి చేసి పంపితే గిట్టదు, ముడినూనె పంపి కాకినాడలో శుద్ధి చేస్తే గిట్టుతుంది. పని అక్కడ, చెట్టు ఇక్కడ. ఇది అన్యాయమని ఇక్కడి మిల్లులవారు అంటారు. మా మట్టుకు మేము అక్కడి కుర్రాళ్ళకు పని దొరికిందని సంతోషిస్తాము, ఇక్కడ మిల్లులో పనిచేసే మన కుర్రాళ్ళను తలచి దిగులుపడతాము. రెండూ నిజమే.

2023–24లో ఈ రెండు దేశాల మధ్య వర్తకం సుమారు 2000 కోట్ల డాలర్లు. అందులో మలేషియా అమ్మినది ఎక్కువ, కొన్నది తక్కువ. 2023 ఏప్రిల్ నుంచి డాలరు జోలికి పోకుండా రూపాయిలలో కూడా లెక్క చెల్లించుకోవచ్చునన్నారు. కౌలాలంపూర్‌లోని ఇండియా ఇంటర్నేషనల్ బ్యాంకు అందుకు ఖాతా తెరిచింది. 2012లో ఆ బ్యాంకు పని మొదలుపెట్టినపుడు దాని భాగస్వాములు ముగ్గురిలో ఒకటి ఆంధ్రా బ్యాంకు, 1923లో బందరులో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టినది. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. సరే, రూపాయిలు పుచ్చుకున్న మలేషియా వ్యాపారి వాటితో ఏమి కొనాలి? అక్కడ మనకు సందు ఉన్నది. అతనికి ఏ ఊళ్ళో ఏ సరుకు బాగుంటుందో తెలియదు.

మనకు తెలుసునా అంటే, తెలుసుననుకొని మేము చెయ్యి కాల్చుకున్నాము. ఆ కథ చెప్పడానికే అసలు ఈ వేదిక ఎక్కాము.

మేము నాలుగు కుటుంబాలవాళ్ళం సొమ్ము పోగుచేసి గుంటూరు మిర్చి తెప్పించాలనుకున్నాము. మలేషియా గుంటూరు మిర్చికి పాత కొనుగోలుదారే, కొత్త పని కాదు. మాలో ఒకరు యార్డుకు వెళ్ళి, తేజ రకం టిక్కీలు విప్పించి చూశారు. రంగు, ఘాటు, తొడిమ, అన్నీ బాగున్నాయి. అమ్మే ఆయన మమ్మల్ని "బాబాయిగారూ" అని పిలిచాడు, ఇంట్లో పెరుగన్నం పెట్టాడు, మా తాతగారి ఊరు పేరు చెప్పగానే "అయ్యో, మా మేనత్త ఊరే" అన్నాడు. ఆ మాటకు మేము కరిగిపోయాము. లెటర్ ఆఫ్ క్రెడిట్ వద్దు, సగం ముందే పంపుతామన్నాము. పరీక్ష కాగితం అడగడానికి సిగ్గుపడ్డాము.

కంటైనరు క్లాంగ్ రేవులో తెరిస్తే పై వరుసలు మేము చూసిన సరుకే. క్రింది టిక్కీలలో తాలు కాయ, అదీ తేమతో. మిర్చిలో తేమ 11 శాతం దాటితే సముద్రం మీద ఆ వేడికి బూజు పట్టక మానదు. బరువు కోసం నీళ్ళు చల్లారో, వానకు తడిసినదో నేటికీ తేలలేదు. ఫోను చేస్తే ముందు "చూద్దాం బాబాయిగారూ" అన్నాడు, తరువాత ఎత్తలేదు. మా సొమ్ములో మూడో వంతు పోయింది. మాలో ఒకరి ఇంట్లో పిల్ల చదువుకు దాచినది అది. ఆ పిల్ల ఇప్పుడు ముందు వరుసలో కూర్చుని ఉన్నది. మమ్మల్ని క్షమించిందో లేదో మేము అడగలేదు.

అయితే మానలేదు. మరుసటి ఏడు మళ్ళీ కొన్నాము, వేరేవారి దగ్గర. ఈసారి కంటైనరులోకి ఎక్కించే రోజున మన మనిషిని నిలబెట్టాము, ప్రతి వరుస నుంచీ నమూనా తీయించాము, పరీక్ష కాగితం వచ్చాకే బ్యాంకు సొమ్ము వదిలింది. ఆయన మమ్మల్ని ఏ వరుసా పెట్టి పిలవలేదు, అన్నం పెట్టలేదు. సరుకు మాత్రం చెప్పినట్టే వచ్చింది.

ఇప్పుడు మనం అమ్మగలిగినది ఒకటి చెప్పి కూర్చుంటాము. పామాయిలు సాగులో భారతదేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, తరువాత తెలంగాణ. ఏలూరు దగ్గర పెదవేగిలో దీనికి జాతీయ పరిశోధన సంస్థ ఉన్నది. 2021 ఆగస్టులో భారత ప్రభుత్వం 11,040 కోట్ల రూపాయలతో ఈ సాగుకు పథకం పెట్టాక కొత్త రైతులు చాలామంది దిగారు. ఇక్కడ వాన పోస్తుంది, అక్కడ డ్రిప్పుతో నీరు పెట్టాలి, కాబట్టి మన పద్ధతి అంతా అక్కడ పనికిరాదు. కాని గెల ఎప్పుడు కోయాలి, రాలిన పండు ఎన్ని చూసి కత్తి ఎత్తాలి, కోసిన 24 గంటల లోపల మిల్లుకు ఎందుకు చేరాలి, ఆలస్యమైతే నూనెలో ఆమ్లం ఎలా పెరుగుతుంది, ఇవన్నీ మన ఇళ్ళలో మూడు తరాలుగా తెలిసిన సంగతులు. మన వారిలో తోట కండక్టరులుగా, మిల్లు ఇంజనీర్లుగా చేసి రిటైరయినవారు ఈ హాలులోనే పదిమంది ఉన్నారు. వారి సలహాకు వెల ఉన్నది. దానిని మనం ఊరికే పంచిపెట్టవద్దు, ఎక్కువ అడగవద్దు.

భోజనాల తరువాత ఎడమవైపు గదిలో ఒక పుస్తకం పెట్టి ఉంచుతాము. తోటలో, మిల్లులో, రేవులో, బ్యాంకులో పనిచేసినవారు పేరు, ఎన్నేళ్ళు చేశారు, తెలుగు చదవగలరా లేదా వ్రాయండి. చదవలేనివారు సిగ్గుపడవద్దు, మా పిల్లలు వ్రాసిపెడతారు. రెండు రకాల మిర్చి కూడా అక్కడ పళ్ళేలలో ఉన్నది. మంచి కాయ ఏదో, తాలు ఏదో చేతితో పట్టి చూడండి. చూశాక కళ్ళు నలుపుకోకండి.