వెలుతురుతో గాలిని కడుగుట

ఎండ కెదురుగానున్న తలుపుల రంగు కొన్నేండ్లకు సున్నమువలె పొడియై చేతికంటుట మనమందరము ఎరిగినదే. రంగు వేసినవానిని నిందింతుము. వాని తప్పు కొంత ఉండవచ్చును గాని, తెల్లరంగులో కలుపు టైటేనియం డయాక్సైడ్ అను పొడికిని అందులో పాలు కలదు. ఎండ సోకినప్పుడు ఆ పొడి తన్ను పట్టియుంచిన జిగురునే తినివేయును. రంగులు చేయువారికి ఇది చిరకాలముగా తలనొప్పి. ఆ దుర్గుణముతోనే మురికిగాలిని శుభ్రపరుపవచ్చునా యన్నది నేడు మనము ముచ్చటింపబోవు విషయము.

టోక్యో విశ్వవిద్యాలయములో అకిరా ఫుజిషిమా, ఆయన గురువు కెనిచి హోండా నీటిలోనుంచిన టైటేనియం డయాక్సైడ్ స్ఫటికముపై వెలుతురు ప్రసరింపజేయగా నీరు ప్రాణవాయువుగను, ఉదజనిగను విడిపోయెను. ఈ సంగతిని వారు 1972లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. తరువాతి కథ యంతయు దానినుండి పెరిగినదే.

జరుగునదేమనగా: వెలుతురులోని శక్తి ఆ పొడిలోని ఎలక్ట్రాన్లను వాని స్థానములనుండి లేపును. లేచినచోట వెలితి ఏర్పడును. ఆ వెలితి, పైనంటియున్న తేమనుండి ఎలక్ట్రానును లాగుకొనును. లేచిన ఎలక్ట్రాను గాలిలోని ప్రాణవాయువును చేరును. ఇట్లు పుట్టు హైడ్రాక్సిల్ ఖండములు మిక్కిలి ఆకలిగొన్నవి; దాపున నున్నదానినెల్ల పట్టి ఆక్సీకరించును. మోటారుబండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడులు నైట్రేటులై గోడపై నిలిచి, వానకు కొట్టుకొనిపోవును. సేంద్రియ ఆవిరులు పూర్తిగా విరిగినచో బొగ్గుపులుసు వాయువు, నీరు మిగులును. పొడి మాత్రము ఖర్చుగాదు. కనుకనే దానిని ఉత్ప్రేరకమందుము. దీని ముడిసరుకగు ఇల్మెనైటు మన భీమునిపట్టణము, శ్రీకాకుళ తీరముల నల్లయిసుకలోనే కలదు.

రోమునగరములో రిచర్డ్ మయ్యర్ నిర్మించిన జూబిలీ చర్చి 2003లో పూర్తియైనది. దాని తెరచాపలవంటి గోడలు తెల్లగా నిలుచుటకై సిమెంటులో ఈ పొడిని కలిపిరి. గోడ తన మురికిని తాను పోగొట్టుకొనుట ఒక పని. వీథిలోని గాలిని బాగుచేయుట వేరొక పని. ఈ రెంటిని కలిపి చెప్పు ప్రకటనలను మేము అనుమానముతోనే చూతుము.

బ్రస్సెల్సు నగరపు లియొపోల్డ్ సొరంగములో 2011 మొదలు 2013 వరకు, పైకప్పునకు ఈ పూత పూసి, అతినీలలోహిత దీపములు పెట్టి కొలిచి చూచిరి. నైట్రోజన్ ఆక్సైడుల తగ్గుదల నూటికి రెండుపాళ్లకు మించలేదు. 2016లో బ్రిటిషు ప్రభుత్వపు నిపుణుల సంఘము సైతము ఇట్టి పూతలు వీథిగాలిని చెప్పుకోదగినంత మార్చునని నమ్ముటకు తగిన ఆధారము లేదనెను. కారణము సులభము. తిరునాళ్లలో నడచు జనములో గోడను రాచుకొనిపోవువారెందరు? గాలియు నట్లే, గోడను తాకిన కొంచెమే శుద్ధియగును, తక్కినది సాగిపోవును. పైగా ఈ పొడిని మేల్కొల్పునది 388 నానోమీటర్ల లోపు వెలుతురు. సూర్యకాంతిలో అది నూటికి నాలుగైదుపాళ్లే. 2001లో జపాను శాస్త్రజ్ఞులు నైట్రోజనును చేర్చి కంటికి కనబడు వెలుతురుతోను దీనిని పనిచేయించిరి గాని, ఆ వెలుతురులో దాని బలము తక్కువ.

మూసిన గదిలో సంగతి కొంత మేలు. పంకా గాలిని మరల మరల పూతమీదికి తోలగలదు. అయినను ఆవిరులు సగమే విరిగినచో ఫార్మాల్డిహైడువంటి హానికర పదార్థములు పుట్టవచ్చును. ఊపిరితిత్తులలో దిగు పొగనుసిని ఈ పూత గాలిలోనుండి తీసివేయజాలదు. అది వడపోత పని. కావున ఉబ్బసమున్న పిల్లలకై ఇట్టి యంత్రము కొనదలచినవారు, గదిలోని గాలిని ముందును తరువాతను కొలిచిరా, కొలిచినచో ఏ పదార్థమును కొలిచిరి, గది యెంత పెద్దది, కొత్తగా ఫార్మాల్డిహైడు పుట్టెనా యని అమ్మువానిని అడుగవలెను. గాజుపెట్టెలో చేసిన పరీక్షను చూపినచో, తమ యింటి గదికి అది వర్తించునా యని మరల అడుగవలెను.