టీవీలో నది, ఊళ్లో కృష్ణ

నేను డీఎడ్ చదువుతున్నాను. టీచింగ్ ప్రాక్టీసుకి కృష్ణ ఒడ్డునున్న భవానీపురంలో ఓ ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. మూడో తరగతి. ఆ రోజు నది గురించి చెప్పాలి.

మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ఉంటుంది, చూసే ఉంటారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే, కేంద్రం 2017లో మొదలుపెట్టిన దీక్షా వేదికలో ఆ పాఠం తాలూకు వీడియోలు వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ నాడు-నేడు పథకం పుణ్యమా అని చాలా బడుల్లో స్మార్ట్ టీవీలూ వచ్చాయి. ఇంకేం, నేనూ ఒక వీడియో పెట్టాను. మంచు కొండలు, నీలం నీళ్లు. పిల్లలు రెప్ప వేయలేదు. అయ్యాక అడిగాను, ‘ఏం చూశారర్రా?’ అని.

‘టీవీ చూశాం టీచర్!’

తప్పు టీవీది కాదు, నాది. బొమ్మ నడిచినంతసేపూ పిల్లలకు పనే లేదు.

మర్నాడు ఒక్క నిమిషం చూపించి ఆపేశాను. ‘ఇది మన కృష్ణేనా?’

‘కాదు టీచర్, మనకి మంచెక్కడిదీ!’

అంతే, మాటలు మొదలయ్యాయి. పున్నమి ఘాట్, భవానీ ద్వీపానికెళ్లే పడవలు, బ్యారేజీ గేట్లు. అందరూ బొమ్మలు గీశారు. ఒక పాప నదికి మట్టిరంగు వేసింది. ‘వరదప్పుడు ఇలాగే ఉంటుంది’ అంది. ఆ రంగు నా వీడియోలో లేదు.

అప్పట్నుంచీ నా పద్ధతి ఇదే. కాసేపు చూపించడం. ఆపడం. అడగడం. చేయించడం. మళ్లీ చెబుతున్నా, ఇంట్లో ఫోన్ చూసే పిల్లలకూ పనికొస్తుంది: చూపించండి, ఆపండి, అడగండి, చేయించండి.

మొన్న కరెంటు పోయింది. మొదటి రెండూ మానేశాం. అడగడం, చేయించడం మామూలుగానే సాగాయి.