మన జాబితా మనమే రాద్దాం
(పేరాల సభలో చేసిన ప్రసంగం)



వరదకి కులం లేదంటారు. నిజమే, నీటికి లేదు. కానీ పల్లానికి కులం ఉంది. ఊరు మెరక మీద, మన పల్లె మురుగు కాలవ పక్కన. మనల్ని అక్కడ పెట్టిందెవరు?

2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వచ్చింది. 2009 అక్టోబర్ వరదని మించింది. కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకలు మునిగాయి. పట్టా ఉన్న ఆసామికి పంట నష్టం రాస్తారు. కౌలుదారుకి కార్డు ఇస్తామని 2019 చట్టం చెప్పింది, ఆసామి సంతకం తెమ్మంది. సంతకం పెట్టే ఆసాములెందరు? ఇక కూలికి పోయే మన సంగతి? పంట నష్టం జాబితాలో కూలి పోయిన రోజులు ఎక్కవు గదా!

సాయం బిచ్చం కాదు, హక్కు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ ఏమంటోంది? సాయం, పరిహారం ఇచ్చే దగ్గర కులం, మతం, ఆడ మగ తేడా చూపకూడదంటోంది. ఈ నెంబరు పిల్లల చేత ఎక్కంలా చెప్పించండి.

1921లో మున్సిపాలిటీ పన్ను కట్టమని చీరాల, పేరాల జనం ఊరు వదిలి పదకొండు నెలలు రామనగర్ పాకల్లో ఉన్నారు. ఆ కథ మేం బడిలో చెప్తాం. 1985 జూలై 17న కారంచేడులో నరికితే మనవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని ఇదే చీరాల చేరారు. 1991 ఆగస్టు 6 తర్వాత చుండూరు వాళ్లు తెనాలి చేరారు. ఈ కథ కూడా మన పిల్లలకి మనం చెప్పాలి. కారంచేడు దెబ్బ తిన్నాక మనవాళ్లు ఒకరికొకరు నిలబడ్డారు గనకే దళిత మహాసభ పుట్టింది. వరదలోనూ అదే దారి.

మూడు పనులు చేద్దాం. ఒకటి, చర్చికి తీసినట్టే ప్రతి ఇంట్లో పూటకో పిడికెడు బియ్యం వాడ కోసం తీద్దాం. లెక్క ఆడవాళ్ల చేతిలో ఉండాలి. రెండు, వాన రాకముందే మన జాబితా రాద్దాం: మనుషులు, గేదెలు, మేకలు, కౌలు చేను, ముసలోళ్లు, బాలింతలు. ఒక నకలు తహసీల్దారుకిచ్చి రసీదు తీసుకుందాం. నీళ్లు తీశాక అధికారి జాబితా పక్కన మనది పెట్టి, తప్పిన పేర్లు అడుగుదాం. మూడు, కాలవ గట్టు మీద కార్డు లేని యానాది కుటుంబాన్ని కూడా అందులో రాద్దాం.

వర్గీకరణ మీద మాలలకీ మాదిగలకీ వాదన ఉంది. సభల్లో వాదించుకుందాం. బియ్యం కుండ దగ్గర మాత్రం కాదు. ఆకలికి రెండు పల్లెలు లేవు.

కాగితం, కలం మేం తెస్తాం. మీ వాడలో ఇల్లిల్లూ తిరిగే ఇద్దరి పేర్లు ఈ రాత్రికే చెప్పండి.

జై భీమ్!