పొట్ట కొలత - పేగు ముప్పు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఒకటి ఈ రోజు ఎత్తుకొంటున్నాము. మేము డాక్టర్లము కాము, బడిపంతుళ్ళము. పాఠం చెప్పినట్లే చెబుతాము, మన్నించండి.

పెద్దపేగు లోపలి గోడమీద కొందరికి పులిపిరి వంటి చిన్న కండ మొలుస్తుంది. దీనిని పాలిప్ అంటారు. ఇందులో అడినోమా అనే రకం క్యాన్సర్‌కు ముందు మెట్టు. చాలా పాలిప్‌లు క్యాన్సర్‌గా మారవు. కాని పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం వీటి నుండే పుడతాయి. అందుకు సుమారు 10 ఏళ్ళు పడుతుంది. ఆ కాలమంతా చాలామందికి నొప్పీ ఉండదు, సూచనా ఉండదు. అదే అల్లాహ్ మనకిచ్చిన గడువు.

ఇవి ఎవరికి ఎక్కువ? వయసు పైబడినవారికి, రక్తసంబంధీకులలో ఈ జబ్బు ఉన్నవారికి, పొగ తాగేవారికి. వీటితోపాటు చూడవలసిన లెక్కలు ఐదు:

1. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు, లేక ఆపైన.
2. రక్తపోటు 130/85 లేక ఆపైన.
3. పరగడుపున షుగరు 100 లేక ఆపైన.
4. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 150 లేక ఆపైన.
5. మంచి కొలెస్ట్రాల్ మగవారికి 40 కంటె, ఆడవారికి 50 కంటె తక్కువ.

ఐదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఇట్టివారిలో అడినోమాలు ఎక్కువగా కనబడుతున్నాయని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. పొట్టలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అప్పుడు శరీరం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఇన్సులిన్‌కు కణాలను పెంచే గుణం ఉంది. పేగు గోడలో పెరుగుదలకు ఇదొక కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఈ లెక్కలు గుండె కోసమేనని మనం అనుకుంటాం. పేగుకూ పనికొస్తాయని తెలుసుకోవాలి. అయితే రక్తపరీక్షలో పాలిప్ కనబడదు. లెక్కలు బాగున్నాయని ధీమా పనికిరాదు.

ఇక అసలు మాట. దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడితే మన ఇళ్ళలో "మొలలు, వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. అమ్మీజాన్ అయితే కొడుక్కి కూడా చెప్పదు. మొలలే కావచ్చు, కాని ఆ మాట డాక్టరు చూసి చెప్పాలి. సిగ్గు మంచి గుణమే. ప్రాణం మీదికి వచ్చేదాకా దాచుకోవడం సిగ్గు కాదు. లేడీ డాక్టరు వద్దకు తీసుకువెళ్ళండి, తోడు వెళ్ళండి.

కొలనోస్కోపీ అంటే కెమెరా గొట్టంతో పేగు చూడటం. పాలిప్ కనబడితే సాధారణంగా అప్పుడే తీసివేస్తారు. అలా తీసివేస్తే క్యాన్సర్ బాగా తగ్గుతుందని 1993లో అమెరికాలో వెలువడిన పరిశోధన తెలిపింది. అక్కడ 2021 నుండి 45 ఏళ్ళకే పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. మన ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే. పేగు సంగతి మనమే అడగాలి.

దావత్‌లు మానమని చెప్పము. బిర్యానీ రెండోసారి వడ్డించుకోకండి. ఆకుకూర, పప్పు, జొన్నరొట్టె రోజూ ఉండాలి. సిగరెట్టు మానాలి. ఫజర్ నమాజు అయ్యాక అరగంట నడవండి.

ఒక మనవి. సంఘం తరఫున పెట్టే వైద్య శిబిరంలో బి.పి., షుగరుతోపాటు ఒక టేపు కూడా ఉంచాలి. పరీక్షకు స్తోమత లేనివారికి సంఘ నిధి నుండి సాయపడాలి. మొక్కై వంగనిది మానై వంగదని పిల్లలకు చెబుతుంటాము. పేగులోని ఈ మొలకకూ అదే వర్తిస్తుంది.

అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.