మందదృష్టి – గడియారపు పని

కన్నులు మందగించినవారికి నలుగురు మొదట చెప్పు మాట, ఇక విశ్రాంతి తీసికొనుమని. సూదిలో దారమెక్కించుట, చదువు, చిత్రలేఖనము ఒక్కొక్కటిగా చేతినుండి జారిపోవును. అట్టివారు గడియారములు బాగుచేయు పనిని కాలక్షేపముగా చేపట్టవచ్చునన్నచో వినువారికి విడ్డూరముగా తోచవచ్చును. నీటికాసుల వ్యాధివలన మాకు ఒక కంటి చూపు చాలవరకు పోయినది. రెండవ కంటికి నలుబదియేండ్లు దాటినవారికందరికి వచ్చు చత్వారము వచ్చినది. అయినను కొన్ని సంవత్సరములుగా తీరిక వేళల ఈ పని చేయుచున్నాము. కావున దీనినిగూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

మొదటి మాట వైద్యునిగూర్చి. నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదు; మిగిలినదానిని చికిత్సతో కాపాడుకొనవలెను. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో మందదృష్టి గలవారికి తగిన అద్దములను నిర్ణయించి, వాని వాడుక నేర్పు విభాగము కలదు. భూతద్దము కొనుటకు ముందు అట్టిచోట పరీక్ష చేయించుకొనుట మేలు.

అద్దము ఎంత పెద్దదిగా చూపిన అంత మంచిదని పలువురు తలంతురు. కాని 4 రెట్లు చూపు అద్దమునకు వస్తువు సుమారు 6 సెంటీమీటర్ల దూరమున నుండవలెను. 10 రెట్లు చూపుదానికి రెండున్నర సెంటీమీటర్లే. అంత దగ్గర చేతులాడవు. కనబడు మేరయు కుంచించుకొనిపోవును. కావున పనికి తక్కువ శక్తిగల అద్దము, పరిశీలనకు ఎక్కువ శక్తిగల అద్దము అని ఏర్పరచుకొనవలెను. నరసరావుపేట బజారులో గాజుపెట్టె వెనుక కూర్చుండు పనివాడును అద్దమును ఒక కంటికే తగిలించుకొనును గదా! ఒంటికంటితో పనిచేయుట ఈ వృత్తికి కొత్త కాదు.

అయితే ఒక కన్నే ఉన్నవారికి దగ్గర దూరముల తేడా సరిగా తెలియదు. ఆ కొరతను చేతులు తీర్చవలెను. రెండు మణికట్లను బల్లపై ఆనించి, చిటికెనవ్రేళ్లను ఒకదానికొకటి తాకించి పనిచేసినచో కుడిచేయి ఎక్కడ నున్నదో ఎడమచేతికి తెలియుచుండును. స్క్రూను బిగించుటకు ముందు వెనుకకు కొంచెము త్రిప్పవలెను. మరలు కుదిరినచోట చిన్న కుదుపు వ్రేళ్లకు తెలియును. అప్పుడు ముందుకు త్రిప్పిన చాలును. బల్ల అంచునకు ఒక గుడ్డను తగిలించి ఒడిలో పరచుకొనినచో జారిన స్క్రూ నేలపాలు కాదు.

పని ప్రారంభించుటకు చేతిగడియారము తగదు, గోడగడియారము తగును. దాని చక్రములు పెద్దవి. పైగా అందలి ముఖ్యమైన దోషమొకటి చెవికే తెలియును. లోలకము సరిగా ఊగుచున్నచో ‘టిక్’, ‘టక్’ అను రెండు చప్పుళ్ల నడుమ ఎడము సమానముగా నుండును. కుంటిచప్పుడు వినబడినచో పెట్టెను ఒక ప్రక్కకు కొద్దిగా జరిపి, చప్పుడు సమమగువరకు చూడవలెను. దీనికి కన్నుతో పనిలేదు.

మన పలనాటి ఎండలును గడియారమును పరీక్షించును. రెంటచింతల వేడికి పేరుమోసిన ఊరు. వేడికి లోలకపు కడ్డీ సాగును. సాగినకొలది ఊపు మందగించును. ఇనుపకడ్డీ అయినచో 20 డిగ్రీల తేడాకు దినమునకు సుమారు 10 సెకన్లు వెనుకబడును. లోలకపు బిళ్లక్రింది నట్టును పైకి త్రిప్పి దానిని సరిచేయవచ్చును. పిడుగురాళ్ల సున్నపుబట్టీల దుమ్ము, నల్లరేగడి ధూళి నూనెతో కలిసి చక్రములను పట్టివేయును. కావున విప్పిన గడియారమును గిన్నెతోనైనను మూసి యుంచవలెను.

ఒక హెచ్చరిక. చుట్టి యున్న స్ప్రింగు బలమును నెమ్మదిగా సడలించనిదే ఏ గడియారమును విప్పరాదు. అది ఒక్కసారి విడివడినచో వ్రేళ్లను కోయును. కంటికి తగిలినచో ఉన్న చూపును పోవచ్చును. ఈ పని మొదట తెలిసినవారివద్దనే నేర్వవలెను.

లోలకమునకును చూపులేమికిని పాత సంబంధము కలదు. గలీలియో తన చివరి సంవత్సరములలో రెండు కన్నులు పోగొట్టుకొనెను. లోలకముతో గడియారమును నడపు ఉపాయము 1641లో ఆయనకు తోచెననియు, దానిని కుమారుడు విన్సెంజియోకు వివరించెననియు శిష్యుడు వివియానీ వ్రాసి యుంచెను. మరుసటి సంవత్సరమే ఆయన మరణించెను. 1656లో హాలెండు దేశమున హైగెన్స్ అట్టి గడియారమును నిర్మించెను.

గోడగడియారము, తరువాత టైంపీసు చేతికి లొంగినపుడు పాత చేతిగడియారమును చేపట్టవచ్చును. జపాను సిటిజన్ సంస్థ సహకారముతో 1961లో బెంగుళూరున గడియారములు చేయ నారంభించిన హెచ్.ఎం.టి. వారి కీ ఇచ్చు గడియారములు మన ఇండ్లలో ఇంకను ఉన్నవి. ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. వానిలోపలి వెండ్రుకవంటి స్ప్రింగు జోలికి మేము పోము. అచట మా చూపునకు హద్దు కలదు. ఆ పనిని బజారులోని పనివానికే అప్పగింతుము. తక్కిన పని మాది.

దినమునకు అరగంట చాలును. కన్ను అలసినంతనే అద్దము దించవలెను. చూపు తగ్గినవారి చేతులకును పని కావలెను. ఇంట ఆగిపోయిన గోడగడియారమున్నచో, దానిని అమ్మివేయుటకు ముందు ఒకసారి ఊపి, ఆ చప్పుడును చెవియొగ్గి వినుడు.