నెత్తురు గుల్ల, దాని చుట్టాలు

పట్టభద్రులారా, మనం ఉన్న ఈ శామీర్‌పేటకు సముద్రం చాలా దూరం. అయినా ఇవాళ కాకినాడ అఖాతపు బురదలో బతికే నెత్తురు గుల్ల గురించి మాట్లాడతాను. మీలో కొందరు ఇక్కడికి దగ్గర్లోని జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలల్లో పోలికలు చూసి బంధుత్వాలు తేల్చబోతున్నారు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదని ఈ గుల్ల రుజువు చేస్తుంది. దీని రక్తం ఎర్రన. చాలా గుల్లలకు లేని హిమోగ్లోబిన్ దీనికి ఉంది, అదీ మనకు ఉన్నట్టే కణాల్లో. ఆక్సిజన్ కొరవడే బురదలో అది అక్కరకొస్తుంది. కానీ దీని దగ్గరి బంధువైన స్కాఫార్కా హిమోగ్లోబిన్‌ను పరిశీలిస్తే, అందులోని ఉపభాగాలు మన వాటికి తిరగేసినట్టుగా జతకూడి కనిపిస్తాయి. రంగు ఒకటే, కట్టడం వేరు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం పెంకు కీలు దగ్గర ఉంది. ఈ గుల్ల చేరిన ఆర్సిడే కుటుంబంలో కీలు పొడవునా చిన్న పళ్ళు బారుగా ఉంటాయి. న్యూక్యులా అనే బుల్లి గుల్లలకూ అలాంటి పళ్ళే. అందుకే వెనకటి శాస్త్రజ్ఞులు రెండింటినీ టాక్సోడాంటా అనే ఒకే వర్గంలో చేర్చారు. మొప్పలు ఆ లెక్కను తలకిందులు చేశాయి. న్యూక్యులా మొప్పలు చిన్నవి, ప్రధానంగా ఊపిరికే. తిండిని నోటి పక్క తమ్మెల నుంచి చాచే పోగులతో ఏరుకుంటుంది. నెత్తురు గుల్ల మొప్పలు పెద్దవి, ఊపిరితో పాటు నీటిని వడగట్టి తిండినీ పడతాయి. పళ్ళను మాత్రమే నమ్మిన వర్గం నిలవలేదు.

బంధుత్వాల లెక్క మారితే పేరూ మారుతుంది. ఈ నెత్తురు గుల్లను లిన్నేయస్ 1758లో ఆర్కా గ్రనోసా అన్నాడు, అదే తర్వాత అనడారా గ్రనోసా అయింది, ఇప్పుడు టెగిల్లార్కా గ్రనోసా. ఇలా పేర్లు మారుస్తూ పోతే వ్యాపారికీ అధికారికీ తికమక కాదా అని అడగవచ్చు. తికమకే. అయితే పేరులో రెండో మాట గ్రనోసా మారలేదు, పాత పేర్లు పర్యాయాలుగా నమోదై ఉన్నాయి. ఆ కాస్త శ్రమ తప్పించుకోవడానికి తప్పుడు బంధుత్వాన్ని పట్టుకు వేలాడటం నాకు సమ్మతం కాదు. మరి డీఎన్ఏ ఉండగా గుల్లను కోసి చూడటం దేనికి? ఆర్సిడే అంతా ఒకే మూలం నుంచి వచ్చిన శాఖ కాదని సూచించింది డీఎన్ఏయే, ఒప్పుకుంటాను. కానీ లక్షల ఏళ్ళ నాటి శిలాజాల్లో మిగిలేది పెంకు, దాని కీలు, కండరాల మచ్చలు. కొత్త వంశవృక్షంలో వాటికి చోటు చూపాలంటే, బతికున్న గుల్లలో ఏ పన్ను ఏ శాఖకు చెందిందో తెలిసినవాళ్ళు కావాలి. ఆర్సిడే హద్దులు గీసే పని ఇంకా ముగియలేదు. దానికి సీక్వెన్సర్ ముందు కూర్చునేవారూ, సూక్ష్మదర్శిని కింద మొప్పను విప్పి చూసేవారూ ఒకరి లెక్కను ఒకరు సరిచూడాలి.