కండ్లకలక – శ్వాసవ్యాధికి తొలి హెచ్చరిక



సూరతు నగరమందలి రింగ్ రోడ్ వస్త్రవాణిజ్యమునకు పట్టుగొమ్మ. ఆ దారి పొడవునను వరుసదీరిన బజారులలో దినమెల్ల చీరలు విప్పుట, మడచుట, మూటగట్టుట, మోయుట జరుగుచుండును. లింబాయత్, ఉధనా ప్రాంతముల మరమగ్గములపై జీవించు తెలంగాణపు నేతకుటుంబముల కష్టఫలము చేరునదియు ఈ బజారులకే. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడపుచుండుట ఇచ్చటి తెలుగువారి సంఖ్యకు నిదర్శనము. ఇట్టి జనసమ్మర్దమున ఒకని కన్ను ఎఱ్ఱబారుట ఒకని బాధగా మాత్రమే మిగులదు.

2023 జూలైలో గుజరాతునందు కండ్లకలక విరివిగా వ్యాపించెను. వానకాలపు కంటిజబ్బని దానిని తేలికగా నెంచుట లోకసహజము. కాని కంటియెఱుపు కొన్ని వేళల కంటితో ఆగదు. ముక్కును, గొంతును, ఊపిరితిత్తులను పట్టు వైరసు వ్యాధికి అది తొలి సూచన కావచ్చును.

దీనికి కారణము దేహనిర్మాణమునందే కలదు. కన్నీరు కనుకొలకునందలి సన్నని నాళముద్వారా ముక్కులోనికి దిగును. ఏడ్చువారికి ముక్కు కారుట అందువలననే. కంటిపొరపై చేరిన వైరసునకు గొంతువఱకు దారి ఆ విధముగా తెరచియే యుండును.

తట్టు సోకిన బిడ్డకు ఒంటిపై పొక్కులు కానరాక మునుపే జ్వరము, దగ్గు, పడిశములతోపాటు కండ్లు ఎఱ్ఱబారుట తల్లులెఱిగినదే. అడినోవైరసు అనునది జ్వరమును, గొంతునొప్పిని, కండ్లకలకను కూడ కలిగింపగలదు. 2003లో హాలెండు దేశమున కోళ్లలో ప్రబలిన ఒక విధమగు ఇన్ఫ్లుయెంజా 89 మందికి సోకెను. వారిలో అత్యధికులకు కండ్లకలకయే లక్షణము. అయినను ఒక పశువైద్యుడు ఊపిరితిత్తుల వ్యాధితో మరణించెను. 2020 జనవరిలో వూహాను నగరమునకు వెళ్లి వచ్చిన బీజింగు శ్వాసకోశ వైద్యుడు వాంగ్ గువాంగ్‌ఫాకు మొదట ఎడమకన్ను కలకబారెను. కొన్ని గంటలకే జ్వరమును పడిశమును తోడయ్యెను. అది కోవిడ్ అని తేలినది. ముఖమునకు తొడుగు ధరించియు కండ్లకు రక్షణ లేకుండుటయే కారణమై యుండునని ఆయన తలచెను.

ఎఱ్ఱబారిన ప్రతి కన్నును ఇట్టిదే యని భయపడనక్కఱలేదు. ధూళివలనను, పడని వస్తువులవలనను, బాక్టీరియావలనను కలక రావచ్చును. కోవిడ్ రోగులలోను కొందరికి మాత్రమే ఈ లక్షణము కానవచ్చెను. అయితే కలకతో జ్వరము, దగ్గు, గొంతునొప్పి కూడినచో ఉపేక్ష తగదు.

కలక వచ్చినవానిని చూచినంతనే అంటుకొనునను నమ్మకము సరికాదు. చూపువలన రోగము రాదు. కన్ను నులిమిన చేతివలనను, ఆ చేయి తాకిన రుమాలు, తలగడ, తలుపుగడియలవలనను వచ్చును. దగ్గు తుంపరలును కొన్ని వైరసులను చేరవేయును. కావున సబ్బుతో చేతులు కడుగుట, తువాలు వేఱుగా నుంచుట ప్రథమ కర్తవ్యములు. వైద్యుని అడుగక స్టెరాయిడు చుక్కలు వేసికొనుట ప్రమాదకరము. కంటిలో తీవ్రమగు నొప్పి పుట్టినను, వెలుతురు చూడలేకున్నను, చూపు మందగించినను, ఆయాసము కలిగినను తక్షణము ఆసుపత్రికి పోవలెను.

ఇంతవఱకు చెప్పిన దంతయు వైద్యము. మిగిలినది కూలి. కార్యాలయోద్యోగికి వైద్యుని ధ్రువపత్రముపై సెలవు లభించును. నేసిన మీటరునకు కూలి పుచ్చుకొను కార్మికునకు, మోసిన మూటకు పైకము పొందు హమాలీకి సెలవనగా పస్తే. అట్టివాడు నల్ల కండ్లద్దాలు తగిలించుకొని పనికి వచ్చినచో తప్పు వానిదనుట న్యాయము కాదు. రెండు మూడు దినముల కూలి యిచ్చి వానిని ఇంట నుంచుట యజమానికి దానము కాదు. మగ్గములన్నియు ఒక్కసారి మూతపడకుండ చేసికొను జాగ్రత్త. కన్ను తెలిపిన హెచ్చరికను విను స్తోమతు పేదవానికిని కలిగిననాడే ఈ విజ్ఞానము సార్థకమగును.